జవానుకూ ఉన్నది గడువు హక్కు

హైదరాబాద్: పోలీసులు అరెస్టు చేసినవారిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలన్న సంగతి పల్లెల్లో కూడా చాలామందికి తెలుసు. బషీర్‌బాగ్‌కు దగ్గరలోని నాంపల్లి క్రిమినల్ కోర్టులకు వెళితే కేసు ఎంతవరకు వచ్చిందో ప్లీడరు ద్వారా తెలుసుకోవచ్చు. అదే ట్యాంక్‌బండ్ దాటి సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒక జవానును నిర్బంధిస్తే ఇంటివారికి దారీ తెన్నూ తోచదు. మిలటరీ వారితో మనకెందుకని ఊరుకునేవారే ఎక్కువ.

కాని 1950 నాటి సైనిక చట్టంలోనే గడువులున్నాయి. నిర్బంధం సంగతి తనకు అందిన 48 గంటల్లోగా కమాండింగ్ ఆఫీసరు ఆరోపణపై విచారణ చేపట్టాలి. విధుల దృష్ట్యా వీలుపడకపోతే తప్ప జాప్యం చేయరాదు. ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. యుద్ధ విధుల్లో లేని జవానును 8 రోజులు దాటి నిర్బంధంలో ఉంచి, కోర్టు మార్షల్ ఏర్పాటు చేయకపోతే, కారణమేమిటో పై అధికారులకు నివేదిక పంపాలి. ఆ తరువాత ప్రతి 8 రోజులకూ పంపుతూనే ఉండాలి. నివేదిక రాసినంత మాత్రాన తలుపు తెరుచుకోదు గాని, ఆలస్యానికి జవాబుదారీ ఎవరో కాగితం మీద ఉంటుంది.

మరొకటి, నేరం జరిగి 3 సంవత్సరాలు గడిస్తే సాధారణంగా కోర్టు మార్షల్ జరపరాదు. పారిపోవడం, తిరుగుబాటు, మోసంతో సైన్యంలో చేరడం వంటి నేరాలకు ఈ గడువు వర్తించదు.

కోర్టు మార్షల్ తీర్పుపై ఒక్క అప్పీలుకైనా వీలు లేకపోవడం పెద్ద లోపమని సుప్రీంకోర్టు 1982లోనే ఎత్తిచూపింది. హైకోర్టుకు వెళ్లే దారి ఇరుకైనది. ఒక మేజరు కేసులో కోర్టు మార్షల్ తీర్పును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేయగా, సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే రద్దు చేసింది.

చివరకు 2007లో చట్టం వచ్చి, 2009లో సాయుధ దళాల ట్రిబ్యునల్ పని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెన్నై బెంచి ఉన్నది. కోర్టు మార్షల్ తీర్పుపై అక్కడ అప్పీలు చేసుకోవచ్చు. సైనిక నిర్బంధంలో ఉన్నవారికి బెయిలు ఇచ్చే అధికారమూ దానికి ఉన్నది.

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వలె ఇంటింటా సైనికులున్న ఊళ్లలో పెద్దలు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. కబురు అందిన రోజే నిర్బంధ తేదీ, యూనిట్ పేరు, జవాను నంబరు రాసి పెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని కలవడం మంచిది. తేదీ తెలియనిదే గడువు దాటిందని అడగలేము.