గొంతు దిగే రుచి
పార్సిల్‌ భోజనాన్ని మెత్తగా రుబ్బితే క్యాన్సర్‌ రోగికీ విందే

శ్రీకాకుళం: ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ హోటల్‌ నుంచి బిర్యానీ పొట్లాలు వచ్చాయి. ఇంటి పెద్ద మాత్రం వసారాలో గ్లాసెడు రాగిజావతో కూర్చున్నారు. నోటి క్యాన్సర్‌కు చికిత్స పొందినవారున్న ఇళ్ళలో ఇటువంటి దృశ్యం తరచూ కనిపిస్తుంది. ఆయన తినలేరని ఇంటివారు, తనకెందుకులే అని ఆయన అనుకుంటారు. నిజానికి నమలలేకపోవడం వేరు, తినలేకపోవడం వేరు. మెత్తని ఆహారానికి వైద్యులు అనుమతించిన తరువాత ఆ బిర్యానీనే గుజ్జుగా చేసి వడ్డించవచ్చు.

ఎందుకీ అవస్థ?
గుట్కా, ఖైనీ, చుట్ట, బీడీ, మద్యం నోరు, గొంతు క్యాన్సర్లకు ప్రధాన కారణాలు. చుట్టను వెలిగించిన కొసను నోట్లో ఉంచుకుని కాల్చే 'అడ్డపొగ' ఉత్తరాంధ్ర తీర గ్రామాల స్త్రీలలో తరతరాలుగా వస్తున్న అలవాటు. దీనివల్ల అంగిలి దెబ్బతింటుంది. చికిత్సలో భాగంగా రేడియేషన్‌ను సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6 నుంచి 7 వారాలు ఇస్తారు. రెండు మూడు వారాలు గడిచేసరికి నోరు పూస్తుంది. లాలాజలం తగ్గిపోతుంది. ఏది తిన్నా మట్టి తిన్నట్లు ఉంటుంది. కొందరికి దవడలు బిగుసుకుపోతాయి. చికిత్స ముగిశాక కొన్ని వారాల్లో నోటి పూత మానినా, రుచి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. నోరు ఎండిపోయే బాధ ఏళ్ళ తరబడి ఉండవచ్చు.

తిండి తగ్గితే బరువు తగ్గుతుంది. బాగా నీరసించినవారికి రేడియేషన్‌ మధ్యలో ఆపవలసి వస్తుంది. అలా ఆగితే చికిత్స ఫలితం తగ్గుతుంది. అందువల్ల రోగి ఇష్టంగా తినే నాలుగు చెంచాలు కూడా వైద్యంలో భాగమే.

పార్సిల్‌ తప్పనప్పుడు
విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి వంటి చోట్లకు జిల్లాల నుంచి వెళ్ళే కుటుంబాలు వారాల తరబడి అద్దె గదుల్లో ఉండవలసి వస్తుంది. గదిలో వంటకు వీలులేకపోతే హోటల్‌ పొట్లమే దిక్కు. ఒక చిన్న మిక్సీ, ఒక వడపోత జల్లెడ వెంట తీసుకువెళితే సమస్య చాలావరకు తీరుతుంది.

హోటల్‌లో కారం, మిరియాలు తగ్గించి, పోపు వేయకుండా ఇమ్మని ముందే అడగాలి. ఇడ్లీ, ముద్దపప్పు, పొంగలి, పెరుగన్నం, కిచిడీ, ఎముకలు లేని కోడికూర బాగా నలుగుతాయి. పులుసు, రసం, టమాటా కూరలు పూసిన నోటిని మండిస్తాయి. అప్పడాలు, వడలు, వేయించిన ముక్కలు మానుకోవాలి. ముల్లున్న చేప జోలికి వెళ్ళవద్దు. పచ్చి ఉల్లిపాయ వేసిన పెరుగు పచ్చడి, నిలవ ఉన్న కొబ్బరి చట్నీ కూడా మంచివి కావు. కీమోథెరపీ జరుగుతున్నవారికి ఇన్ఫెక్షన్‌ ముప్పు ఎక్కువ.

రుబ్బే తీరు ఇదీ
* లవంగం, యాలక్కాయ, చెక్క, బిర్యానీ ఆకు, కరివేపాకు, ఎండుమిర్చి, ఎముకలు ముందుగా ఏరివేయాలి.
* అన్నం ఒక్కటే రుబ్బితే బంకగా మారి అంగిలికి అతుక్కుంటుంది. పప్పుకట్టు, పాలు లేదా కూర గ్రేవీ, ఒక చెంచా నెయ్యి చేర్చి తిప్పాలి. నీరు పోస్తే రుచి చప్పబడుతుంది.
* మాంసం ముక్కలను చిన్నవిగా తరిగి, గోరువెచ్చని గ్రేవీతో విడిగా రుబ్బాలి. తరువాత జల్లెడలో వడకడితే పీచు మిగిలిపోతుంది.
* పొగలు కక్కుతున్న పదార్థాన్ని మిక్సీలో వేసి మూత బిగించవద్దు. ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చేతులు కాలుతాయి.
* అన్నీ కలిపి రుబ్బితే రంగు, రుచి తెలియని ముద్ద అవుతుంది. అన్నం, పప్పు, కూర వేర్వేరుగా రుబ్బి పళ్ళెంలో వేటి చోటున వాటిని వడ్డించాలి.
* కారం ఎక్కువైతే పెరుగు గానీ కొబ్బరిపాలు గానీ కలపాలి.

చెంచాతో తీసుకున్న గుజ్జు ఆకారం నిలుపుకోవాలి. చెంచా వంచితే ఒక్క ముద్దగా జారిపడాలి. అందులో ఉండలు ఉండకూడదు, పలుచని నీరు విడిపోకూడదు. గోరువెచ్చగా ఉన్నప్పుడే తినిపించాలి. తెచ్చిన పొట్లాన్ని రెండు గంటలలోపే వాడుకోవాలి. చెంచా నెయ్యితో సుమారు 45 కేలరీలు, ఉడికిన గుడ్డు ఒకటి చేర్చి రుబ్బితే సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందుతాయి. మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుల సలహా ప్రకారమే నెయ్యి, తీపి చేర్చుకోవాలి.

పొలమారితే జాగ్రత్త
శస్త్రచికిత్స తరువాత కొందరికి పలుచని ద్రవాలు ఊపిరితిత్తుల దారి పడతాయి. మరికొందరికి చిక్కని ముద్ద గొంతులోనే నిలిచిపోతుంది. ఎవరికి ఎంత చిక్కదనం తగునో మింగుడు పరీక్ష చేసిన వైద్యులు, థెరపిస్టులే చెప్పాలి. నిటారుగా కూర్చుని, చిన్న చెంచాతో, ఒక ముద్ద పూర్తిగా మింగిన తరువాతే మరొకటి తీసుకోవాలి. తిన్నాక అరగంట వరకు పడుకోరాదు. తినేటప్పుడు తరచూ పొలమారినా, గొంతు గరగరలాడినా, తరువాత జ్వరం, దగ్గు వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి హోటల్‌ భోజనం అందులో పోయవద్దు. గొట్టం మూసుకుపోతుంది.

తిన్న తరువాత లీటరు నీటిలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి పుక్కిలించాలి. వారానికి ఒకసారి బరువు చూసి రాసిపెట్టుకోవాలి.

పక్కనే కూర్చోబెట్టండి
నోటి నుంచి జారుతుందేమోనన్న బిడియంతో చాలామంది రోగులు చాటుగా తింటారు. క్రమంగా తినడమే తగ్గించేస్తారు. ఇంటివారు చేయగలిగింది సులువైన పనే. పొట్లాలు విప్పేటప్పుడు ఆయన వాటా ముందుగా మిక్సీలో వేసి, అందరితోపాటు అదే వేళకు వడ్డించాలి. తుడుచుకోవడానికి ఒక తుండుగుడ్డ పక్కన ఉంచాలి. తొందరపెట్టకూడదు. నాలుకకు రుచి తెలియకపోయినా మసాలా వాసన, పక్కన మనుషుల మాటలు ఆకలిని కొంతైనా రేపుతాయి. ఆ రోజు నాలుగు చెంచాలే దిగినా, మరునాడు ఐదో చెంచాకు అవి దారి వేస్తాయి.