రోడ్డు ప్రకటన – రైతు జాగ్రత్త

మేడ్చలు, శామీరుపేటల చెంత 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఇదివఱకే పోవుచున్నది. దానికి వెలుపల మఱియొక ప్రాంతీయ రింగు రోడ్డు తలపెట్టబడినది. దాని ఉత్తరభాగము సంగారెడ్డి నుండి నర్సాపూరు, తూప్రాను, గజ్వేలు, భువనగిరుల మీదుగా చౌటుప్పలు చేరును. ఆ దారిని భూములున్న సభ్యులకు మేము ముఖ్యముగా చెప్పునది యొక్కటే: గడువు కనిపెట్టి యుండుడు.

జాతీయ రహదారికి భూసేకరణము 1956 నాటి చట్టము ననుసరించి జరుగును. మొదటి ప్రకటన గెజెటులో వెలువడిన 21 దినములలోపల ఆక్షేపణను కారణములతో వ్రాసి అధికారికి అందజేయవలెను. తుది ప్రకటన వెలువడిన నాడే భూమి కేంద్ర ప్రభుత్వపరమగును. పరిహారము పిమ్మట నిర్ణయింపబడును. చేతులు కాలిన వెనుక ఆకులు పట్టుకొని ఫలమేమి?

పరిహారమునకు 2013 నాటి చట్టమే లెక్క. సమీపమున గత 3 సంవత్సరములలో రిజిష్టరైన క్రయదస్తావేజుల ధరను, ప్రభుత్వపు రిజిస్ట్రేషను విలువను పోల్చి హెచ్చుదానిని గైకొందురు. బావులకు, చెట్లకు వేఱుగా విలువ కట్టుదురు. ఆ మొత్తమునకు సమానమైన సొమ్మును సొలేషియముగా కలుపుదురు. కావున ఊరిలో అందఱును ధర తగ్గించి వ్రాయించినచో అందఱికిని నష్టమే.

పట్టా తాతతండ్రుల పేర నున్నచో నేడే విరాసతు చేయించుకొనుడు. కొలతనాడు పొలముననే యుండి బావి, బోరు, చెట్లు పట్టీలో చేరినవో లేదో చూచుకొనుడు. మొత్తము చాలదని తోచినచో ఆర్బిట్రేటరునకు దరఖాస్తు చేయవచ్చును. చదువు వచ్చిన సభ్యులు దీనిని రానివారికి చదివి వినిపింతురని కోరుచున్నాము.