గృహాలలో నీటి హీటర్ల అమరిక నియమాలు (అమెరికా)

నివాస గృహాలలో వేడినీటి పరికరాలను ఎక్కడ, ఏ విధంగా అమర్చాలో నిర్దేశించే భవన నిర్మాణ నిబంధనలను నీటి హీటర్ల అమరిక నియమాలు అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇళ్ళలో 40 లేదా 50 గ్యాలన్ల (సుమారు 150 నుండి 190 లీటర్ల) ట్యాంకు గల హీటరు సర్వసాధారణం. ఇది సహజ వాయువుతో గాని, విద్యుత్తుతో గాని పనిచేస్తుంది. దీనివల్ల పేలుడు, విషవాయువు, అగ్నిప్రమాదం, కాలిన గాయాలు అనే నాలుగు ముఖ్య ప్రమాదాలకు అవకాశం ఉంది. నియమాలలో అధిక భాగం వీటిలో ఏదో ఒకదానిని నివారించడానికి ఏర్పడినవే. కనుక కొలతల వెనుక ఉన్న కారణాన్ని గ్రహిస్తే నియమాలు సులభంగా అర్థమవుతాయి.

నియమావళి స్వరూపం

అమెరికాలో దేశమంతటికీ వర్తించే ఏకైక భవన నిర్మాణ చట్టం లేదు. ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ 2000లో తొలిసారి ప్రచురించిన ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ మూడేళ్ళకొకసారి సవరించబడుతుంది. కాలిఫోర్నియా వంటి కొన్ని పశ్చిమ రాష్ట్రాలు నీటి గొట్టాల విషయంలో యూనిఫామ్ ప్లంబింగ్ కోడ్‌ను ఆధారం చేసుకొన్నాయి. ఇవి నమూనాలు మాత్రమే. రాష్ట్రం గాని, స్థానిక ప్రభుత్వం గాని స్వీకరించినప్పుడే వీటికి చట్టబద్ధత కలుగుతుంది. చాలా ప్రాంతాలలో పాత హీటరు స్థానంలో కొత్తది పెట్టడానికి కూడా ముందుగా అనుమతి తీసుకొని, తరువాత తనిఖీ చేయించుకోవాలి.

పేలుడు నివారణ

సాధారణ వాతావరణ పీడనంలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మూసిన ట్యాంకులో పీడనం అధికంగా ఉండడం వల్ల, ఉష్ణోగ్రత ఈ హద్దు దాటినా నీరు ద్రవరూపంలోనే ఉంటుంది. ట్యాంకు పగిలితే పీడనం ఒక్కసారిగా పడిపోయి, ఆ నీటిలో కొంత భాగం తక్షణమే ఆవిరవుతుంది. ఆవిరైన నీటి ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. పేలుడుకు కారణం ఇదే. 1982 జనవరి 19న ఓక్లహోమా రాష్ట్రంలోని స్పెన్సర్ పట్టణంలో స్టార్ ఎలిమెంటరీ పాఠశాల భోజనశాల పక్కనున్న నీటి హీటరు పేలి ఆరుగురు పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు మరణించారు.

దీని నివారణకు ప్రతి ట్యాంకుకూ భద్రతా వాల్వు తప్పనిసరి. ఉష్ణోగ్రత 210 డిగ్రీల ఫారన్‌హీట్ (99 డిగ్రీల సెల్సియస్) చేరినా, పీడనం చదరపు అంగుళానికి 150 పౌండ్లు చేరినా ఇది తెరచుకొని నీటిని బయటకు వదలుతుంది. ట్యాంకు తయారైన పీడన సామర్థ్యం అంతకంటె తక్కువైతే వాల్వు హద్దు కూడా తక్కువగా ఉండాలి. వాల్వు నుండి వచ్చే గొట్టానికి ఈ షరతులు వర్తిస్తాయి:

* గొట్టం వ్యాసం వాల్వు ద్వారం కంటె తక్కువ కాకూడదు.
* నీరు నిలిచిపోకుండా వాలుగా దిగాలి.
* మధ్యలో మరొక వాల్వు ఉండరాదు.
* నేలపైకి వదలినట్లయితే కొన నేలకు 6 అంగుళాలకు మించిన ఎత్తులో ఉండరాదు. వేడినీరు మనుషులపై చిమ్మకుండా ఉండడానికి ఈ ఏర్పాటు.
* కొనకు మర ఉండరాదు. మర ఉంటే, నీరు కారుతున్నదని ఎవరైనా మూత బిగించే ప్రమాదం ఉంది.

విషవాయువు నివారణ

గ్యాసు మండడానికి తగినంత గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఏర్పడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. అందువలన గదిలోని గాలిని వాడుకొనే గ్యాసు హీటరును పడకగదిలో గాని, స్నానాలగదిలో గాని పెట్టరాదు. బయటి గాలిని మాత్రమే వాడుకొనే హీటర్లకు మినహాయింపు ఉంది.

సాధారణ పద్ధతి ప్రకారం గంటకు ప్రతి 1,000 బీటీయూల సామర్థ్యానికి 50 ఘనపుటడుగుల గది ఉండాలి. ఉదాహరణకు 40,000 బీటీయూల హీటరుకు 2,000 ఘనపుటడుగులు, అంటే 8 అడుగుల ఎత్తు, 10 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు గల గది అవసరం. అంత చోటు లేకపోతే గాలి ద్వారాలు ఏర్పాటు చేయాలి.

అగ్నిప్రమాదం, భూకంపం

పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది కనుక నేలను అంటిపెట్టుకొని వ్యాపిస్తుంది. అందుచేత కారు షెడ్డులో పెట్టే హీటరులో నిప్పు పుట్టే భాగం నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలి. ఇటువంటి ఆవిరిని అంటించకుండా ప్రత్యేకంగా తయారైన హీటర్లకు ఈ నియమం వర్తించదు.

50 గ్యాలన్ల ట్యాంకులో నీటి బరువే సుమారు 190 కిలోలు. భూకంపంలో ట్యాంకు ఒరిగితే గ్యాసు గొట్టం తెగి మంటలు చెలరేగవచ్చు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో ఇటువంటివి జరిగాయి. కాలిఫోర్నియాలో ట్యాంకు ఎత్తులో పై మూడో వంతులో ఒకటి, కింది మూడో వంతులో ఒకటి చొప్పున లోహపు పట్టీలతో గోడకు బిగించాలి.

కాలిన గాయాలు

60 డిగ్రీల సెల్సియస్ నీరు దాదాపు ఆరు సెకన్లలో చర్మాన్ని తీవ్రంగా కాల్చగలదు. 49 డిగ్రీల వద్ద అదే గాయానికి సుమారు ఐదు నిమిషాలు పడుతుంది. అందుకే షవరులో, స్నానపు తొట్టిలో వచ్చే నీరు 49 డిగ్రీలు మించకుండా నియంత్రించే వాల్వును నియమావళి కోరుతుంది. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్ళలో ఇది మరింత ముఖ్యం.

భారతదేశంతో పోలిక

తెలుగు రాష్ట్రాలలో విద్యుత్ గీజరును సాధారణంగా స్నానాలగది గోడకే బిగిస్తారు. ఇందులో దహన క్రియ లేదు కనుక విషవాయువు పుట్టదు. విద్యుదాఘాతమే ఇక్కడి ముఖ్య ప్రమాదం. కనుక సరైన ఎర్తింగు, విద్యుత్ లీకేజీని గుర్తించి సరఫరాను ఆపే బ్రేకరు అవసరం. ట్యాంకు గల విద్యుత్ హీటర్లకు ఐ.ఎస్. 2082 ప్రమాణం, ఎల్.పి.జి.తో పనిచేసే చిన్న హీటర్లకు ఐ.ఎస్. 15558 ప్రమాణం ఉన్నాయి.

గ్యాసు గీజరు సంగతి వేరు. గాలి ఆడని స్నానాలగదిలో దీనిని పెట్టి, తలుపు, కిటికీ మూసి స్నానం చేస్తూ మరణించిన సంఘటనలు భారతదేశంలో అనేకం జరిగాయి. గ్యాసు హీటరును స్నానాలగది బయట, గాలి బాగా ఆడే చోట అమర్చి, వేడినీటిని మాత్రమే గొట్టం ద్వారా లోపలికి తెచ్చుకోవడం ఈ ప్రమాదాన్ని తప్పించే మార్గం.