రొయ్యల చెరువులో బ్లీచింగ్ ఎందుకు పనిచేయదు? సీడ్ వదిలే ముందు నీటిని ఇలా సరిచూసుకోండి

వనామీ చెరువుకు బ్లీచింగ్ చల్లిన తర్వాత రెండు రకాల నష్టాలు వస్తుంటాయి. మందు సరిగా పనిచేయక పీతలు, అడవి రొయ్యలు బతికిపోతే వాటితోపాటు తెల్లమచ్చ వైరస్ చెరువులో మిగులుతుంది. మందు విరగకముందే సీడ్ వదిలితే పిల్లలు ఒక్క రాత్రిలో పోతాయి. రెండింటికీ మోతాదు ఒక్కటే కారణం కాదు.

ముందు పౌడర్ సంగతి చూడండి. తాజా బ్లీచింగ్‌లో సుమారు 30 నుంచి 35 శాతం క్లోరిన్ ఉంటుంది. గట్టు మీద షెడ్డులో మూతి విప్పి ఉంచిన బస్తా చెమ్మ తగిలి వారాల్లోనే బలం కోల్పోతుంది. నీటిలో 20 పీపీఎం క్లోరిన్ రావాలంటే ఎకరం చెరువుకు, మీటరు లోతుకు, మంచి పౌడర్ దాదాపు 245 కిలోలు కావాలి. అదే పౌడర్ 20 శాతానికి పడిపోతే 400 కిలోలు చల్లితే గాని ఆ ఫలితం రాదు. చవగ్గా వచ్చిందని పాత సరుకు కొంటే మిగిలేదేమీ ఉండదు.

రెండోది పీహెచ్. మన రైతులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సున్నం చల్లిన మర్నాడే బ్లీచింగ్ వేస్తారు. క్లోరిన్‌లో సూక్ష్మజీవుల్ని చంపే రూపం పీహెచ్ 7.5 దగ్గర సగం ఉంటుంది, 8.5కు చేరితే పదో వంతుకు పడిపోతుంది. ఉప్పు తక్కువగా ఉన్న బోరు నీటి చెరువుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. కాబట్టి ముందు బ్లీచింగ్, అది విరిగాకే సున్నం. అడుగున నల్లటి బురద ఉన్నా, నీరు పచ్చగా ఉన్నా క్లోరిన్‌ను అవే మింగేస్తాయి. బురద తీసి, ఎండగట్టి, నీటిని వడకట్టి నింపాకే చల్లండి. ఎండకు క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది గనుక సాయంత్రం చల్లి, మందు నీటిలో కలిసేలా ఏరియేటర్లు తిప్పండి. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. పౌడర్‌ను యాసిడ్‌తో గాని, యూరియాతో గాని ఎప్పుడూ కలపకండి.

మిగిలిన క్లోరిన్‌ను వాసనతో తేల్చకండి. క్లోరిన్ కిట్‌లోని ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు మారుతుంది. రంగు వెంటనే వస్తే విడి క్లోరిన్ ఉన్నట్టు. వెంటనే రాకుండా ఐదు నిమిషాలకు మెల్లగా వస్తే అమ్మోనియాతో కలిసిన క్లోరిన్ ఉన్నట్టు, అదీ పిల్లలకు ప్రమాదమే. కాబట్టి ఐదు నిమిషాలు ఆగి చూడండి. చాలావరకు మూడు, నాలుగు రోజులు పగలు ఏరియేటర్లు తిప్పితే పోతుంది. తొందరగా తీసేయాలంటే ఒక పీపీఎం క్లోరిన్‌కు ఏడు పీపీఎం హైపో, అంటే మీటరు లోతు ఎకరానికి దాదాపు 28 కిలోలు పడుతుంది. హైపో వేశాక మళ్లీ కిట్‌తో చూడాలి.

క్లోరిన్ పోయాక నీటి సమతూకం. పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉండి, ఉదయానికి సాయంత్రానికి తేడా అరకు మించకూడదు. అంతకు మించి ఊగుతుంటే ఆల్కలినిటీ పరీక్ష చేయించండి. అది 100 పీపీఎం కంటే తక్కువైతే బేకింగ్ సోడా వాడొచ్చు. ఎకరానికి 20 పీపీఎం పెరగాలంటే 135 కిలోల వరకు కావాలి. ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా వేయండి.

బోరు నీటికి ఇంకో లెక్క ఉంది. ఉప్పు పీపీటీని 11తో గుణిస్తే ఉండాల్సిన పొటాషియం, 39తో గుణిస్తే మెగ్నీషియం తెలుస్తాయి. అంటే 5 పీపీటీ నీటిలో దాదాపు 55, 195 పీపీఎంలు. మన బోర్లలో పొటాషియం తరచుగా ఇంతకంటే తక్కువే ఉంటుంది, అందుకే గుల్ల విడిచినప్పుడు రొయ్యలు వంగిపోతుంటాయి. 10 పీపీఎం పెంచడానికి ఎకరానికి 80 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ పడుతుంది. ల్యాబ్ రిపోర్టు లేకుండా కొట్టువాడి మాట మీద మినరల్ బస్తాలు పోయకండి.

అన్నీ సరిపోయాయనిపించినా, చెరువు నీటితో నింపిన బకెట్లో వంద సీడ్ వేసి, గాలి అందిస్తూ ఒక రోజు ఉంచండి. పిల్లలు చురుగ్గా ఉంటేనే మిగతావి వదలండి. నీరు బయటకు తీయాల్సి వస్తే క్లోరిన్ పూర్తిగా విరిగాకే తీయాలి, పక్క రైతు అదే కాలువ నీరు తోడుకుంటాడు.