సూత్రమున్న గడికి తాళం: క్షేత్ర ప్రయోగ పట్టికల రక్షణ

వంశధార తీరాన శ్రీముఖలింగం ఆలయంలో తూర్పు గంగుల కాలపు దానశాసనాలు నేటికీ కనిపిస్తాయి. దాత ఎవరు, ఇచ్చినదేమిటి, ఏ అఖండదీపానికి అన్న వివరాలను రాతిపై చెక్కించారు. ఆ రాజుల తామ్రశాసనాలలోనైతే రేకులన్నిటినీ ఒక కడియానికి గుచ్చి, దానిపై నంది ముద్ర వేసేవారు. ముద్ర చెదరకుండా నడిమి రేకును మార్చడం కష్టం. రాసిన లెక్క తర్వాతి చేతుల్లో మారకూడదన్న జాగ్రత్త అంత పాతది.

ఇప్పుడు అదే వంశధార ఆయకట్టులో పండే వరి దిగుబడి లెక్క స్ప్రెడ్‌షీట్‌లోకి చేరుతోంది. 20 చదరపు మీటర్ల మడిలో 20 శాతం తేమతో 12 కిలోల ధాన్యం వచ్చిందనుకుందాం. దానిని 14 శాతం తేమకు సరిచేయాలంటే 12ను 80తో గుణించి 86తో భాగించాలి; 11.16 కిలోలు వస్తుంది. హెక్టారుకు సుమారు 5,581 కిలోలు. ఆ సూత్రమున్న గడిలో ఎవరైనా పొరపాటున 12 అని కొట్టితే హెక్టారు దిగుబడి 6,000 కిలోలవుతుంది. గడి చూడడానికి మామూలుగానే ఉంటుంది. 419 కిలోల తేడా ఒక రకాన్ని మరొక రకం కంటే మేలైనదిగా నిలబెట్టడానికి చాలు.

ఎక్సెల్‌లో ప్రతి గడికీ ‘లాక్‌డ్’ గుర్తు ముందే ఉంటుంది; షీటుకు రక్షణ పెట్టేవరకు అది పనిచేయదు. కనుక పని తలకిందులుగా మొదలుపెట్టాలి. బరువు, తేమ వంటి కొలతలు నింపే గడులను ఎంచుకొని, ‘ఫార్మాట్ సెల్స్’లోని ‘ప్రొటెక్షన్’ విభాగంలో ఆ గుర్తు తీసివేయాలి. తర్వాత ‘రివ్యూ’లో ‘ప్రొటెక్ట్ షీట్’ ఎంచుకోవాలి. సూత్రాలు మూసుకుంటాయి, కొలతల గడులు తెరిచి ఉంటాయి. సూత్రం కనిపించకూడదనుకుంటే ‘హిడెన్’ గుర్తు ఉంది గానీ, పరిశోధన పట్టికలో సూత్రాన్ని దాచడం మంచి అలవాటు కాదు. సరిచూసేవారికి అది కనిపించాలి.

పాస్‌వర్డ్‌పై అతిగా ఆధారపడరాదు. ఈ రక్షణ చేయి జారినప్పుడు ఆపేందుకే. పట్టుబట్టి మార్చదలచినవారిని ఆపదు. పాస్‌వర్డ్ మరచిపోతే ఇబ్బంది పడేది స్వంతదారే.

తెలియక నష్టపోయే చోటు మరొకటి ఉంది. తెరిచి ఉన్న గడిలోని కొలతను ‘కట్’ చేసి వేరొక గడిలో ‘పేస్ట్’ చేస్తే, తాళం వేసిన సూత్రం కూడా ఆ కొలత వెంటే కొత్త గడికి మళ్లుతుంది. తాళం ఉన్నా లెక్క తప్పుతుంది. కొలత తప్పు వరుసలో పడితే అక్కడ చెరిపి, సరైన చోట మళ్లీ కొట్టడమే మేలు.

తాళం తప్పు సూత్రాన్ని కూడా అంతే భద్రంగా కాపాడుతుంది. ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగోఫ్ 2010లో ప్రభుత్వ రుణాలపై వెలువరించిన పత్రంలో సగటు తీసే సూత్రం ఐదు దేశాల వరుసలను వదిలేసింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన హెర్న్‌డన్, యాష్, పోలిన్ 2013లో దానిని బయటపెట్టారు. అక్కడ ఏ తాళమూ ఉపయోగపడేది కాదు.

అందువల్ల రక్షణ పెట్టేముందు జవాబు తెలిసిన ఒక వరుసతో పరీక్షించాలి. తేమ గడిలో 14 వేస్తే, సరిచేసిన బరువు తూచిన బరువుతో సమానంగా రావాలి. రాకపోతే తాళం వేయడానికి ఇంకా వేళ కాలేదు.