బూట్‌లోడరు ఫైలు పేరెఱుగుట

తెరయు మీటలును గల పెట్టె మాత్రమే కంప్యూటరని తలంపరాదు. వీథికూడలిలో స్తంభముపైనుండు కెమెరాలోను, ఇంటిలోని రౌటరులోను చిన్న కంప్యూటరు లిమిడియున్నవి. విద్యుచ్ఛక్తి యందగనే వీనిలోని లైనక్సు తనంతట తాను మేల్కొనదు. దాని ముఖ్యభాగమగు కర్నెలును మెమరీలోనికి దెచ్చి, పని యప్పగించి తొలగిపోవు ప్రోగ్రామొకటి కావలెను. అదియే బూట్‌లోడరు. ఈ జాతిలో మిక్కిలి వాడుకయందున్నది యూ-బూట్. 2002లో దానికీ పేరు వచ్చినది. అంతకు ముందు పీపీసీబూట్ అనెడివారు.

"ఈ సెక్టరు మొదలుకొని ఇన్ని సెక్టరులు తెమ్ము" అను ఆజ్ఞను పాలించుట బూట్‌లోడరునకు మిక్కిలి సులభము. కాని కాలక్రమమున కర్నెలు పెరుగును. 8192 సెక్టరులు, అనగా 4 మెగాబైట్లు, చాలునని విడిచిన చోట 5 మెగాబైట్ల కర్నెలును వ్రాసినచో, మిగిలినది ప్రక్కదానిపై బడి దానిని చెఱచును. బూట్‌లోడరు పాతలెక్క చొప్పున 8192 సెక్టరులే తెచ్చి, తలయే గాని మొండెము లేని కర్నెలును నడుపజూచును. యంత్రము లేవదు. ఎవరో ఒకరు నిచ్చెన వేసికొని ఆ స్తంభ మెక్కవలసినదే.

కావున బూట్‌లోడరునకు అంకెలు గాక ఫైలు పేరు చెప్పుట మేలు. అందులకు అది మొదట హద్దులు తెలిసికొనవలెను. కార్డు మొదటి సెక్టరులో 512 బైట్లుండును. 446 బైట్లు విడిచినచో, తరువాతి 64 బైట్లలో 16 బైట్ల పద్దులు నాలుగు కనబడును. కడపటి 2 బైట్లు ముద్ర వంటివి. పూర్వపు కరణము లెక్కలలో పొలము హద్దును విస్తీర్ణమును ఉండినట్లే, ఈ పద్దులలో పార్టిషను మొదలగు చోటును, దాని సెక్టరుల సంఖ్యయు నుండును. నాలుగు చాలనిచో ఒక పద్దు వేఱొక పట్టికకును, అది మఱియొక దానికిని దారిచూపును.

పిమ్మట ఫైల్ సిస్టము. ఫ్యాట్ పద్ధతిలో డైరెక్టరీయందలి 32 బైట్ల పద్దు ఫైలు పేరును, పరిమాణమును, మొదటి క్లస్టరు సంఖ్యను దెలుపును. ఫైలంతయు ఒక్కచోటనే వరుసగా నుండవలెనను నియమము లేదు. ఒక క్లస్టరు తరువాత ఏదియో పట్టికలో జూచి, అంత్యచిహ్నము వఱకు పోవలెను.

చదువుట నేర్పిన చాలును. వ్రాయుట నేర్పకుండుటయే క్షేమమని నా యభిప్రాయము. నడుమ కరెంటు పోయినచో పట్టికయే చెడును. చోటు సైతము స్వల్పము. బీగిల్‌బోన్ బ్లాక్ అను పలకపై తొలిదశ బూట్‌లోడరు 109 కిలోబైట్లకు మించరాదు.

అన్నిటికంటె కష్టమైనది పట్టికను ఎంతవఱకు నమ్మవలెననుట. పార్టిషను పట్టిక తిరిగి తననే చూపునట్లు ఎవరైన దుర్బుద్ధితో కార్డును సిద్ధపఱచినచో, యూ-బూట్ ఆ దారినే అంతులేక తిరిగి, మెమరీలోని ఇతర విషయములను చెఱుపవచ్చునని 2019లో వెల్లడియైనది. ఫ్యాట్ పట్టికలోను ఇట్టి వలయ ముండవచ్చును. ఫైలు పరిమాణము తెలిసియున్నది గనుక ఎన్ని క్లస్టరులు దాటవలెనో ముందే లెక్కింపవచ్చును. అంతకు మించి ఒక్క అడుగైనను వేయక, ఆ కర్నెలును విడిచి, వేఱొక పార్టిషనులో దాచియుంచిన పాతదానిని నడుపవలెను.