ఒకే కోడు, రెండు అలవాట్లు: మొబైల్ యాప్ పైపట్టీ చరిత్ర

మొబైల్ యాప్ తెరకు పైభాగాన శీర్షికనూ, దానికి అటూ ఇటూ కొన్ని బటన్లనూ ఉంచే సన్నని పట్టీని నావిగేషన్ బార్ అంటారు. తెరచిన పేజీ ఏదో శీర్షిక చెబుతుంది. ఎడమవైపు బాణం వచ్చిన దారినే వెనక్కి తీసుకుపోతుంది. కుడివైపు బటన్లు ఆ పేజీలో చేయదగిన పనులను అందిస్తాయి. చూడడానికి చిన్నదే అయినా, ఒకే ప్రోగ్రామును రెండు రకాల ఫోన్లలో నడిపించాలన్న ప్రయత్నానికి గట్టి పరీక్ష ఎదురైంది ఈ పట్టీలోనే.

2007లో వచ్చిన ఐఫోన్ ముందుభాగంలో హోమ్ బటన్ ఒక్కటే ఉండడంతో, వెనక్కి వెళ్లే బాధ్యత తెర మీది పట్టీకి, అందులోనూ ఎడమ మూలకు దక్కింది. మరుసటి ఏడాది వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్‌లో వెనక్కి వెళ్లడానికి విడిగా మీట ఉండేది కనుక ఆ పని ఫోనుదే అయింది. 2011లో ఆండ్రాయిడ్ 3.0 యాక్షన్ బార్ పేరుతో పైపట్టీని తెచ్చినా, వెనక్కి వెళ్లే ఏర్పాటు ఫోను చేతిలోనే మిగిలింది. ఇలా ఒకే పనికి రెండు అలవాట్లు స్థిరపడ్డాయి.

ఒకసారి రాసిన కోడును రెండు వ్యవస్థల్లోనూ నడిపించే క్రాస్ ప్లాట్‌ఫామ్ సాధనాలు ఈ తేడాను ఒక్కొక్కటి ఒక్కో తీరున ఎదుర్కొన్నాయి. 2014లో వచ్చిన జామరిన్ ఫార్మ్స్‌లో టూల్‌బార్ ఐటమ్ అని రాస్తే బటన్ రెండు ఫోన్లలోనూ కుడివైపే కనిపించేది. దాన్ని ద్వితీయ శ్రేణికి మారిస్తే ఆండ్రాయిడ్‌లో మూడు చుక్కల మెనూలోకి వెళ్లేది, ఐఫోన్‌లో మాత్రం పట్టీ కింద మరో వరుసగా వచ్చేది. ఐఫోన్‌లో ఎడమవైపున ‘రద్దు’ బటన్ కావాలంటే కస్టమ్ రెండరర్ రాయవలసి వచ్చేది. ఉమ్మడి వర్ణనను ఆయా ఫోన్ల సొంత బటన్లుగా మార్చే భాగమే రెండరర్. 2018 డిసెంబరులో 1.0 రూపం పొందిన ఫ్లట్టర్ ఫోను బటన్లను అరువు తెచ్చుకోకుండా పట్టీనంతా తానే గీస్తుంది కాబట్టి రంగు, ఆకారం, స్థానం ప్రోగ్రామర్ ఇష్టానికి వచ్చాయి.

అయితే ఈ స్వేచ్ఛకు ఒక మెలిక ఉంది. నింపుతున్న ఫారం సేవ్ కాకముందే వెనక్కి వెళ్లబోతే హెచ్చరించాలని, ఆ హెచ్చరికను తాను తీర్చిదిద్దిన బాణం బటన్‌లో మాత్రమే పెట్టిన ప్రోగ్రామర్ పని సగమే అయినట్టు. ఆండ్రాయిడ్‌లో తెర అంచు నుంచి వేలు జరిపినా వెనక్కి వెళ్లవచ్చు. అప్పుడు బటన్‌లోని కోడు అసలు నడవదు. అందుకే హెచ్చరికను బటన్‌కు కాక, పేజీ మూసివేతను కాపాడే, ఫ్లట్టర్‌లోని పాప్‌స్కోప్ అనే భాగానికి అప్పగించాలి.

ఇటువంటి నిర్ణయాల విలువ ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్‌తో కలిసి 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని 175 మంది వేరుశనగ రైతులకు విత్తే సమయాన్ని తెలుగు ఎస్సెమ్మెస్‌ల ద్వారా తెలిపింది. మామూలు ఫోను చాలిన ఆ సేవలో రైతు నొక్కవలసిన పైపట్టీ ఏదీ లేదు. మరుసటి ఏడాదే, ఆకు ఫొటోను చూసి తెగులును గుర్తించే ప్లాంటిక్స్ యాప్ ఇక్రిశాట్ భాగస్వామ్యంతో తెలుగులోకి వచ్చింది. ఫొటో, ఫలితం, నివారణ అంటూ పేజీలు ఒకదానిపై ఒకటి చేరే ఇలాంటి యాప్‌లలో వెనక్కి వెళ్లడమన్నది ప్రతి క్షణమూ అవసరమయ్యే పని.

తెలుగు శీర్షికకు చోటు కూడా లెక్క చూసి ఇవ్వాలి. 360 యూనిట్ల వెడల్పున్న తెరపై ఎడమ బాణానికి 56, ఒక్కొక్కటి 48 చొప్పున మూడు బటన్లకు 144 పోతే శీర్షికకు మిగిలేది 160 మాత్రమే. ‘శాస్త్రీయ సలహాలు’ అన్న మాట పెద్ద అక్షరాలతో అందులో ఇమడడం కష్టం. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు ఉన్న ‘స్త్రీ’కి నిలువునా చోటు కావాలి కనుక, ఇంగ్లిషు అక్షరాల కొలతతో వరుస ఎత్తును బిగిస్తే వత్తులు తెగిపోతాయి. అరుదుగా వాడే పనులను మూడు చుక్కల మెనూలోకి పంపి, ఒక్క ముఖ్యమైన బటన్‌నే బయట ఉంచడం ఇందుకు మేలైన మార్గం.

కుడివైపు బటన్లు యాప్‌కు సొంతం, వాటిని ఎలా మార్చినా ఫరవాలేదు; వెనక్కి వెళ్లే తీరు మాత్రం ఆ ఫోన్‌కు అలవాటుపడిన చేతిది. ఈ సరిహద్దును గుర్తించిన చోటనే ఒకే కోడు రెండు ఫోన్లలోనూ ఇబ్బంది లేకుండా నడుస్తుంది.